రాకాసి గుడి మీద పులిహోర!

"అమ్మా... లేవండమ్మా, లేవండి! అది సమాధి!"

కేక వినగానే పెద్దావిడ చేతిలోని పులిహోర ముద్ద విస్తరికీ నోటికీ మధ్యలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. సమాధి అన్నది ఎక్కడా కనపడలేదు. గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, మధ్యలో కాస్త మెరకగా గులకరాళ్లు, పైన చెట్టునీడ. పదకొండు గంటల ఎండలో ఆరుగురు కూర్చుని తినడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? చివరికి తాను కూర్చున్న రాయి వంకే అనుమానంగా చూసింది.

"ఏదయ్యా సమాధి?"

"మీరు కూర్చున్నదే!"

కేక వేసింది విహారయాత్రకు ఏడో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఓ సోషల్ మాస్టారు. ఆయన వెనకాల నలభై మంది పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి అంత చురుగ్గా లేవగలదని ఇంట్లో వాళ్లకు కూడా అప్పటిదాకా తెలియదు. లేచిన ఊపుకి విస్తరి బోర్లాపడింది. రెండువేల ఏళ్ల కిందటి మనిషికి పులిహోర నైవేద్యం పెట్టినట్టయింది.

ఇదంతా నాగార్జునకొండ ద్వీపంలో, సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం జరిగిన ముచ్చట. వచ్చినవాళ్లు మాచర్ల దగ్గరి ఓ పల్లెకు చెందిన మిర్చి రైతు కుటుంబం. రైతు, ఆయన భార్య, తల్లి, కొడుకు, పండక్కి వచ్చిన కూతురు, అల్లుడు. మొదటి కోత అయిపోయింది. రెండో కోతకు ఇంకా టైముంది. పైగా ఇంటికొచ్చిన అల్లుడు ఐర్లండులో రెండేళ్లు ఉద్యోగం చేసొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మరి ఆయనకు చూపించడానికి మాచర్ల చుట్టుపక్కల ఏముంది? చెన్నకేశవస్వామి గుడి ముందురోజే అయిపోయింది. ఎత్తిపోతల పెళ్లైన కొత్తలోనే చూశాడు. ఇక మిగిలింది కొండ.

కొండ అంటారుగానీ ఇప్పుడది ద్వీపం. పొద్దున్నే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే ముప్పావుగంట, గంట కృష్ణ మీద ప్రయాణం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు తప్ప ఎప్పుడైనా వెళ్లొచ్చు. సాగర్‌లో నీటిమట్టం మరీ పడిపోతే మాత్రం లాంచీ సంగతి ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. గుంటూరు నుంచి మాచర్లకు రైలుంది. దారి పొడుగునా చలికాలం చివర్లో ఒకవైపు పత్తి తెల్లగా, ఇంకోవైపు కల్లాల్లో మిర్చి ఎర్రగా కనపడుతూ ఉంటాయి. కిటికీ పక్క సీటు దొరికితే అదే సగం యాత్ర.

లాంచీలో ఎక్కువమంది బుద్ధుడి కోసమే వస్తారు. అది న్యాయమే. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. స్తూపాలు, విహారాలు, రాజుల అశ్వమేధ వేదిక, అన్నీ ఇక్కడే. వాటి ముందు, దారి పక్కన గుండ్రంగా పేర్చిన నాలుగు రాళ్లను ఎవరు పట్టించుకుంటారు? పట్టించుకునేవాళ్లు కూర్చోడానికే పట్టించుకుంటారు. పెద్దావిడ చేసిందీ అదే.

నీళ్లు లేని స్నానఘట్టం

సమాధి అని తెలిశాక పెద్దావిడకు రాయి గురించి చింత లేదు. మైల గురించే చింతంతా. "శవం మీద కూర్చుని అన్నం తిన్నానురా అబ్బాయ్! తలస్నానం చెయ్యకుండా ఒక్క అడుగు కదల్ను" అని కొడుకు మీద విరుచుకుపడింది.

మాస్టారు నచ్చజెప్పబోయారు. "శవం ఎక్కడుందమ్మా? ఎముకలు కూడా ఎప్పుడో తీసేశారు. అసలీ సమాధి ఇక్కడిది కాదు. కింద లోయలో ఉండేది. డ్యామ్ కడితే మునిగిపోతుందని ఊడదీసి, రాళ్లు పైకి తెచ్చి మళ్లీ అట్టాగే పేర్చారు."

"అంటే సమాధిని పీక్కొచ్చి ఇక్కడ పెట్టారా?" అని ఆవిడ ఇంకా హడలిపోయింది. మాస్టారి పాఠం ఉల్టా కొట్టింది.

అప్పుడు మనవరాలికో ఉపాయం తోచింది. బోర్డు మీద 'స్నానఘట్టం' అని చూసిన గుర్తు. "మామ్మా, ఇక్కడ రాజులు కట్టించిన స్నానఘట్టం ఉందంట. పదిహేడు వందల ఏళ్ల నాటిది!" అంది. పెద్దావిడ మొహం విప్పారింది. రాజుల ఘాట్లో స్నానమంటే మైలకు మైలా పోతుంది, పుణ్యానికి పుణ్యం! చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని బయల్దేరింది. వెనక కుటుంబం, ఆ వెనక వద్దన్నా వినకుండా ఏడో తరగతి.

ఘట్టం నిజంగానే అందంగా ఉంది. బండలు చెక్కి వరసగా పేర్చిన మెట్లు, ఒక్క మెట్టు కూడా వంకర లేదు. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉండేది. దాన్నీ సమాధిలాగే ఊడదీసి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. మెట్లు తెచ్చారుగానీ నదిని తేలేరు కదా! ఆ రోజు ఆ మెట్ల మధ్య చుక్క నీరు లేదు. ఎండిన గడ్డి, ఓ తొండ. ద్వీపం చుట్టూ కనుచూపు మేరంతా కృష్ణ. మధ్యలో నీళ్లు లేని స్నానఘట్టం ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుని పెద్దావిడ.

"ఇదెక్కడి చోద్యమమ్మా! సమాధేమో శవం లేదంట, ఘాటేమో నీళ్లు లేవంట! మరి దేనికి తెచ్చి పెట్టారు ఇయ్యన్నీ?"

మాస్టారి దగ్గర దానికి మాత్రం జవాబు లేదు. ఆఖరికి మంచినీళ్ల బాటిల్ మూత తీసి, కృష్ణ వైపు తిరిగి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని రాజీపడింది. మిగతా స్నానం ఇంటికెళ్లాకేనట.

రాక్షసులూ కాదు, గుళ్లూ కాదు

ఇలాంటి రాళ్ల వలయాలను మనవాళ్లు రాక్షసి గుళ్లు అంటారు. కొన్నిచోట్ల రాకాసి గుళ్లు, ఇంకొన్నిచోట్ల పాండవ గుళ్లు. నిజానికి అవి రాక్షసులవీ కావు, గుళ్లూ కావు. ఇనుపయుగం నాటి మామూలు మనుషుల సమాధులు. పురావస్తు శాఖవాళ్లు బృహత్ శిలా సమాధులు అంటారు. అంత బండరాళ్లను క్రేను లేకుండా మనుషులు జరిపారంటే నమ్మబుద్ధి కాక, తర్వాతి తరాలవాళ్లు ఆ కష్టాన్ని రాక్షసుల ఖాతాలో వేసేశారు. పాపం, రాళ్లు మోసినవాళ్ల పేరు చరిత్రలో ఎప్పుడు నిలబడింది గనక!

పద్ధతి చాలాచోట్ల ఇంచుమించు ఒకటే. గొయ్యి తవ్వడమో, రాతిపలకలతో పెట్టెలా కట్టడమో చేసేవాళ్లు. అందులో చనిపోయినవాళ్ల ఎముకలు పెట్టేవాళ్లు. పక్కన కుండలు, ఇనుప కత్తో కొడవలో గొడ్డలో. అవతలి లోకంలో పనికొస్తాయని కాబోలు. ఆ కుండలకో ప్రత్యేకత ఉంది. లోపలంతా, పైన అంచు చుట్టూ నలుపు. కింద ఎరుపు. బోర్లించి కాల్చడంవల్ల అలా రెండు రంగులు వస్తాయంటారు. అన్నీ సర్దాక మట్టీ గులకరాళ్లూ పోసి మెరక చేసి, చుట్టూ గుండ్రంగా బండలు నిలబెట్టేవాళ్లు. పల్నాడులో ఇలాంటి వలయాలు మెట్టలమీద, చేల గట్లమీద, పల్లెల శివార్లలో కనపడుతూనే ఉంటాయి. అటు తెలంగాణలో కృష్ణ ఒడ్డునే ఉన్న ముడుమాల్‌లో మనిషిని మించిన నిలువురాళ్లు బారులు తీరి ఉన్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలోకి తీసుకున్నారు.

నాగార్జునకొండ లోయ సంగతి బయటి ప్రపంచానికి తెలియడంలోనూ ఓ మాస్టారి పాత్ర ఉంది. సురపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడో పాత స్తంభాన్ని చూసి పై అధికారులకు తెలియజేశారు. 1926లో మద్రాసు నుంచి శాసన విభాగంలో పనిచేసే ఎ.ఆర్.సరస్వతి వచ్చి చూశారు. మరుసటేడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. అప్పటికే లోయ మునగబోతోందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆఘమేఘాల మీద తవ్వించారు. రాతియుగం పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల కోట దాకా బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని ఊడదీసి కొండ మీదికీ, ఒడ్డున అనుపుకీ తరలించారు. అదిగో, ఆ తరలింపులో పైకొచ్చిందే పెద్దావిడ పీట వేసుకున్న సమాధి.

"మన చేలో మూడుండాయిగా!"

ఇంతసేపూ అల్లుడు మాత్రం కెమెరాతో ఆ వలయం చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. ఆయన ఆనందం ఆయనది. డబ్లిన్‌లో ఉండగా ఓ వారాంతం మూడొందల కిలోమీటర్లకు పైగా కారు నడుపుకుంటూ కార్క్ కౌంటీకి వెళ్లి, డ్రాంబెగ్ అనే చోట రాళ్ల వలయం చూసొచ్చాడు. వానలో తడిసి జలుబు కూడా తెచ్చుకున్నాడు. అక్కడ మొదట పదిహేడు రాళ్లుండేవి. చలికాలంలో పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజున, సూర్యుడు ఆ రాళ్ల వరసకు సూటిగా అస్తమిస్తాడు. చుట్టుపక్కలవాళ్లు దాన్ని డ్రూయిడ్ పూజారుల బలిపీఠం అని పిలుచుకునేవాళ్లు. 1957లో తవ్వి చూస్తే మధ్యలో ఓ కుండ, అందులో కాలిన ఎముకలు దొరికాయి. మనకు రాక్షసులు, వాళ్లకు పూజారులు. తేడా అంతే!

"మావయ్యా, దీనికోసం అక్కడ జనం విమానాల్లో వస్తారు. చుట్టూ పచ్చిక, నడవడానికి దారి, వివరాలతో బోర్డు... ఒక్క రాయి కదిల్చినా ఊరుకోరు. మన దగ్గర ఇంత దగ్గర్లో ఉందని తెలియనే తెలియదు నాకు" అన్నాడు భక్తిగా.

మామగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ రాళ్ల వంక తేరిపారా చూశారు.

"ఏంది అల్లుడూ, ఈ రాళ్లకా మీరు అంత పెట్రోలు పోసుకుని పోయింది? ఇట్టాంటియి మన పెద్దచేలో మూడుండాయిగా. పడమటి గట్టు పక్కన, మెరక మీద. మీకు కావాలంటే పోతా పోతా చూపిస్తా. కాపోతే ఈ ఒక్కరోజే. రేపు పొద్దున్నే జేసీబీ వస్తది."

అల్లుడి చేతిలో కెమెరా జారిపోయినంత పనైంది.

సంగతేమిటంటే, ఆరెకరాల మిర్చి. రెండో కోత ముంచుకొస్తోంది. కాయ ఎండబెట్టడానికి కల్లం కావాలి. నల్లరేగడిలో కల్లం వేస్తే ఒక్క మంచుకే తేమ పట్టేస్తుంది. కాయకు మచ్చ వస్తే గుంటూరు యార్డులో రేటు ఎంత పడిపోతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేను మొత్తంలో గట్టినేల, గరుకునేల, నీరు నిలవని నేల ఆ మెరక ఒక్కటే. రెండువేల ఏళ్ల కిందటివాళ్లు కూడా పంటనేలను వదిలిపెట్టి ఆ మెరకనే ఎంచుకున్నారు, వాళ్ల చనిపోయినవాళ్ల కోసం. ఇద్దరికీ ఒకే చోటు నచ్చింది. అదీ చిక్కు.

2021-22లో నల్లతామర పురుగు పడి గుంటూరు, పల్నాడు మిర్చి రైతుల్ని తుడిచిపెట్టేసింది. ఆ దెబ్బ నుంచి ఈ ఇల్లు ఇంకా తేరుకుంటూనే ఉంది. అలాంటి మనిషికి ఇనుపయుగం గొప్పదనం గురించి చెప్పడం అంత తేలిక కాదు. "రాళ్లు తీసి గట్టున పడేస్తే కల్లం సదునుగా వచ్చిద్ది. లేకపోతే పక్కోళ్ల మెట్ట కౌలుకు తీసుకోవాల. దానికెవరిస్తారు డబ్బులు? మీ యునెస్కోవాళ్లిస్తారా?" అని మామగారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పట్టాభూముల్లో ఉన్న రాక్షసి గుళ్లలో చాలావాటికి బోర్డూ లేదు, కంచే లేదు, రైతుకు నష్టం కట్టిచ్చేవాళ్లూ లేరు. కొన్ని కంకరైపోతున్నాయి, కొన్ని చదునైపోతున్నాయి.

బావమరిది ఆశ ఇంకో రకం. గొంతు తగ్గించి, "బావా, కింద ఏవన్నా ఉంటయ్యంటావా? లంకెబిందెలు గట్రా?" అని అడిగాడు. జేసీబీ మాటకు ఇంట్లో అంత తొందరగా ఒప్పుదల ఎందుకు కుదిరిందో అప్పుడు అర్థమైంది.

ఈ ప్రశ్న మాస్టారి చెవిన పడింది. ఇలాంటివి ఆయన చెవిని దాటిపోవు. "లంకెబిందెలు కాదు నాయనా, వట్టి బిందెలు. అవీ మట్టివి. అవీ పగిలినవి. తుప్పుపట్టిన కొడవలి ముక్క దొరికితే నీ అదృష్టం. పాత ఇనుప సామానువాడికి వేస్తే టీ ఖర్చులకు కూడా రావు. ఒకవేళ నిజంగానే నిధి దొరికిందనుకో, 1878 నాటి చట్టం ఉంది, కలెక్టరుగారికి చెప్పాల్సిందే. చెప్పకపోతే జైలు" అన్నారు. పిల్లలు మళ్లీ గొల్లుమన్నారు. బావమరిది ఐస్‌క్రీమ్ కొనుక్కొస్తానని అటు వెళ్లిపోయాడు.

అల్లుడు మరో బాణం తీశాడు. ఐర్లండులో దేవకన్యల్లాంటి, దయ్యాల్లాంటి చిన్నచిన్న మనుషులుంటారని పల్లెల్లో నమ్మకం. పాత మట్టిదిబ్బలు, కొన్ని ముళ్లచెట్లు వాళ్లవని, వాటి జోలికెళ్తే కీడని ముట్టుకోరు. 1999లో క్లేర్ కౌంటీలో పెద్దరోడ్డు వేస్తుంటే అలాంటి ముళ్లపొద ఒకటి అడ్డొచ్చింది. ఎడీ లెనిహన్ అనే కథలు చెప్పే ఆయన, దాన్ని కొడితే ప్రమాదాలు జరుగుతాయని పత్రికలకెక్కాడు. ఆఖరికి పొదను వదిలేసి, చుట్టూ కంచె కట్టి, రోడ్డు కానిచ్చారు. అక్కడే విక్లో కౌంటీలో ఇంకో రాళ్ల వలయం ఉంది. ఆదివారం పూట నాట్యం చేసినందుకు వాయించేవాడితో సహా అందరూ రాళ్లైపోయారని కథ.

అల్లుడు దీన్ని అక్కడి మూఢనమ్మకంగా నవ్వుతూ చెప్పాడు. మామగారు కూడా నవ్వారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

"చేలో ఉండాయి కూడా సమాధులేనా? ఈటిలాంటియ్యేనా?"

"అవును మామ్మగారూ. అచ్చం ఇవే."

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. ఆ చేలో ఆవిడ యాభై ఏళ్లు కలుపు తీసింది. ఆ రాళ్ల మీదే కూర్చుని మధ్యాహ్నం సద్ది తిన్నది. కొడుకును ఉయ్యాల వేసిందీ ఆ పక్క చెట్టుకే. మైల లెక్క కడితే ఇప్పుడు ఎన్ని స్నానాలు బాకీ పడిందో!

లాంచీలో సిగ్నల్ లేదు

తిరుగు లాంచీలో పెద్దావిడ మాట్లాడలేదు. రెయిలింగు పట్టుకుని నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. సగం దూరం వచ్చాక మనవరాలి భుజం తట్టి, వేలితో నీళ్లలోకి చూపించింది. "అక్కడెక్కడో మా పెద్దమ్మ ఇల్లుండేది."

ఆ సంగతి కొడుక్కి తప్ప ఎవరికీ తెలియదు. లోయలో పల్లెలుండేవి. డ్యామ్ కోసం ఖాళీ చేయించారు. పెద్దావిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు బండికట్టుకుని పెద్దమ్మ ఇంటికి వచ్చేది. పెద్దమ్మ కొడుకు తవ్వకాల్లో కూలికి పోయేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఇవాళ ఎముకలు తగిలాయని చెప్పి పిల్లల్ని జడిపించేవాడు. ఆ ఎముకలు ఏ సమాధివో, ఇవాళ తాను కూర్చున్నది అదేనేమో ఎవరికి తెలుసు!

"రాళ్లకు నంబర్లేసి జాగర్తగా మోసుకుపోయారంట. మా పెద్దమ్మ ఇల్లు మాత్రం గడపతో సహా అక్కడే వదిలేసింది. ఆమె పోయేదాకా ఆ గడప కోసం ఏడ్చింది" అంది పెద్దావిడ. కోపంగా అనలేదు. ఊరికే చెప్పింది. లాంచీ ఇంజను చప్పుడులో సగం మాటలు కలిసిపోయాయి.

కాసేపాగి కొడుకును పిలిచింది. "అబ్బాయ్, ఆ జేసీబీవోడికి వద్దని చెప్పు."

"అమా, కల్లం..."

"కల్లం సంగతి తర్వాత. సమాధుల మీద కాయ ఎండబెడితే ఆ కాయ ఎవరు తింటారు? ఎంతమందికి చుట్టుకుద్ది ఆ పాపం? కారంపూడిలో ఈరుల గుడి కాడ ఎవడన్నా కల్లం ఏశాడా?"

పల్నాటి గడ్డ మీద ఇంతకన్నా పెద్ద వాదం లేదు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా చచ్చిపోయిన వీరులకు కార్తీకంలో ఉత్సవం చేసే ఊరు కారంపూడి. మామగారు మారు మాట్లాడకుండా ఫోన్ తీశారు. సిగ్నల్ లేదు. లాంచీ ఒడ్డుకు చేరేదాకా ఫోన్ చెయ్యి ఎత్తి పట్టుకునే ఉన్నారు. అల్లుడు ఆ పక్కనే నించుని, ఒడ్డు ఎప్పుడొస్తుందా అని మెడ సాచి చూస్తున్నాడు. యునెస్కో, డ్రాంబెగ్, రెండువేల ఏళ్ల చరిత్ర, ఏదీ చెయ్యలేని పని మైల చేసిపెడుతున్నందుకు ఆయన మొహం సంతోషపడాలో వద్దో తేల్చుకోలేనట్టుంది.

విజయపురి సౌత్ రేవులో దిగాక సిగ్నల్ దొరికింది. మామగారు స్పీకర్ పెట్టి మాట్లాడారు. అమ్మ వినాలి కదా!

"తమ్ముడూ, రేపు రావద్దులే. ఆ రాళ్లు సమాధులంట. రాకాసి గుళ్లు."

అవతల క్షణం నిశ్శబ్దం. "రాకాసి గుళ్లా? ఆ ముక్క ముందే చెప్పాలిగా అన్నా! చెప్పుంటే అసలు ఒప్పుకునేవాణ్నే కాదు. మా డ్రైవరు పిల్లలు గలోడు."

"సరేలే. మరి అడ్వాన్సు రెండు వేలు?"

"అడ్వాన్సు ఎక్కడికి పోయిద్దన్నా... బోదెల టైముకి చూసుకుందాం" అని ఫోన్ పెట్టేశాడు.

కారు ఎక్కుతూనే ఇంట్లో అసలు పంచాయితీ మొదలైంది. కల్లం ఎక్కడ? బోరు పక్కన వేద్దామంటే పల్లం. రోడ్డు పక్కన వేద్దామంటే కాయ రాత్రికి రాత్రి మాయం. పక్కవాళ్ల మెట్ట కౌలుకు తీసుకుందామంటే వాళ్లతో గట్టు తగాదా మూడేళ్లుగా నడుస్తోంది. బావమరిది రాళ్లు వదిలేసి మూడింటి మధ్య ఖాళీలో పట్టా పరుద్దామన్నాడు. నాలుగు క్వింటాళ్లకు మించి పట్టవని మామగారు తేల్చేశారు. అల్లుడు కౌలు తాను కడతానన్నాడు. అల్లుడి డబ్బులతో కల్లమా అని మామగారు మొహం ముడుచుకున్నారు.

"మధ్యన ఎయ్యొద్దు, పక్కన ఎయ్యండి" అంది పెద్దావిడ వెనక సీట్లోంచి. "వాళ్లకు తగలకుండా ఓ బారెడు ఎడం ఇడిసి, కిందవైపు మట్టి తోలి పోయండి. కాపలాకు మనిషిని కూడా పెట్టొద్దు. సమాధులని ఊళ్లో ఒక్కసారి చెప్పి చూడండి, రాత్రిపూట ఒక్కడన్నా అటు వస్తాడేమో!"

మామగారు బండి నడుపుతూనే మట్టికి ఎన్ని ట్రాక్టర్లు పడతాయో లెక్క వేయడం మొదలుపెట్టారు. పద్దెనిమిది అని ఒకసారి, ఇరవై రెండని ఇంకోసారి. మాచర్ల వచ్చేదాకా లెక్క తేలలేదు.